రద్దు చేసిన తెల్లవారుజాము

కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసే ఆవిడని ఫోటోల గ్రూపులో అందరూ అలారం అక్క అంటారు. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు అతుక్కుపోయింది. ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందురోజు గుర్తుచేసేదీ, చీకటితో ఫోన్లు చేసి లేపేదీ, ఎవరు బ్యాటరీ మరచిపోతారో ముందే ఊహించి హెచ్చరించేదీ ఆవిడే. మొదట్లో ఆ పేరుకి మురిసిపోయేది. ఈమధ్య వింటే ఒళ్ళు మండుతోంది. అలారం పనేమిటి? మోగడం. మిగతావాళ్ళ పని? దాని నెత్తిన ఒకటి మొట్టి మళ్ళీ ముసుగు తన్నడం.

ఆ నెలలో ఆవిడ తలకెత్తుకున్న పని మామూలుది కాదు. నగరం నడిమధ్యన ఉన్న రైల్వే యార్డు మీదుగా, ఇటు పాత ఇళ్ళ వరసల నుంచి అటు దారం మిల్లు గేటు దాకా, ఒక ఇనుప నడకవంతెన ఉంది. మిల్లు మూతపడి ఏళ్ళయింది. మిల్లు పోయాక వంతెన ఎక్కేవాళ్ళూ పోయారు. రెండు వైపులా తాళాలు వేసి ఉంచారు. ఇప్పుడు దాన్ని విప్పి తీసేస్తామని ప్రకటించారు. పేపర్లో లోపలి పేజీలో, ఎవరికీ కనపడని మూల, అంగుళం వార్త. ఆ వార్త చదివిన పూట అక్క చేతిలో టీ చల్లారిపోయింది.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ మిల్లులో పనిచేసేది. రాత్రి షిఫ్టు పడిన రోజుల్లో, తెల్లారేసరికి అమ్మమ్మ ఈ పిల్లని వెంటబెట్టుకుని వంతెన మెట్ల కింద నిలబడేది. మిల్లు కూత వేసేది. కాసేపటికి పైన అడుగుల చప్పుడు మొదలయ్యేది, రేకుల మీద వాన మొదలైనట్టు. సరిగ్గా అప్పుడే పొద్దు ఒక పక్క నుంచి లేచేది. వంతెన పక్కలకి బిగించిన ఇనుప అల్లికలోంచి వెలుగు దూరి, దిగివచ్చే ఆడవాళ్ళందరి మీదా గళ్ళ నీడ పరుచుకునేది. అందరూ ఒకే వలలో చిక్కినట్టుండేవారు. ఆ గళ్ళల్లో అమ్మ ముఖం ఎక్కడుందో వెతుక్కోవడం ఆ పిల్ల పని. కెమెరా కొనుక్కున్న నాటి నుంచీ ఆ నీడని ఫోటో తీయాలని అక్క మనసులో ఉంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేసింది. ఇక ఎల్లుండి లేదు.

యార్డు ఆఫీసుకి భోజనం విరామంలో వెళ్ళింది, గోళ్ళలో పట్టిన ప్లాస్టర్ కూడా కడుక్కోకుండా. అక్కడి ఆఫీసరు ఆ చేతులు చూసి, "గోడలకి సున్నం వేసే పనా?" అని అడిగాడు.

"కాదండీ. పళ్ళు చేస్తాను."

ఆయన వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఒక్క మనిషిని పంపడానికి కుదరదమ్మా. ఏమన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుంది. క్లబ్బు పేరుతో నలుగురైదుగురు కలిసి వస్తే, మీరు బాధ్యత తీసుకుంటే, విప్పడం మొదలుపెట్టే ముందు ఆదివారం పొద్దున్నే కాసేపు పంపిస్తాం. ఆ ఒక్క పూటే. తర్వాత వచ్చి ఏడ్చినా లాభం లేదు."

"నలుగురైదుగురేం ఖర్మండీ, మా గ్రూపులో ఇరవై మందికి పైనే ఉన్నారు" అంది అక్క గొప్పగా. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో.

పేరుకే ఇరవై మంది. కదిలేది నలుగురు. ఒకాయన బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి, అందరికీ బాబాయి. పని లేకపోవడం వల్ల ఆయనకి ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. ఇద్దరు కొత్తగా పెళ్ళయినవాళ్ళు, కంప్యూటర్ ఉద్యోగాలు. వాళ్ళకి ఎగిరే కెమెరా ఒకటి ఉంది కనక డ్రోన్ దంపతులని పేరు. నాలుగో మనిషి పెద్దాసుపత్రిలో నర్సు. గ్రూపులో అందరికన్నా బాగా తీసేది ఆ అమ్మాయే, అందరికన్నా తక్కువ వచ్చేదీ ఆ అమ్మాయే.

పర్మిషన్ కాగితం రాయించుకుని, మూడు వారాల ముందే అక్క గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి పాత నడకవంతెన తూర్పు గేటు దగ్గర కలవాలి, ఆలస్యమైతే వెలుగు పోతుంది, వచ్చేవాళ్ళు చెప్పండి, అని. అరగంటలో అరడజను బొటనవేళ్ళు వచ్చాయి. బొటనవేలంటే వస్తాననా, చూశాననా, బాగుందనా? ఎవరినడిగినా మళ్ళీ ఇంకో బొటనవేలే జవాబు.

బాబాయి మాత్రం రాశాడు. చాలా రాశాడు. వంతెన కన్నా చెరువు గట్టు మేలట. అక్కడ కూర్చోడానికి బల్లలుంటాయట, పక్షులుంటాయట, పార్కింగు ఉంటుందట. "వంతెన ఇనుము, చెరువు ప్రకృతి. ఆలోచించు అమ్మాయ్" అని ముగించాడు.

"బాబాయ్ గారూ, చెరువు ఎక్కడికీ పోదు. వంతెనని ఆ మర్నాడు సోమవారం నుంచి విప్పేస్తున్నారు" అని జవాబిచ్చింది అక్క.

"విప్పేసేదాన్ని చూసి లాభమేంటి?" అన్నాడాయన.

ఇంతలో డ్రోన్ దంపతుల నుంచి, "అక్కా, డ్రోన్ తెస్తాం. పైనుంచి యార్డు అదిరిపోతుంది" అని వచ్చింది. యార్డులో డ్రోన్ ఎగరేస్తే అదిరేది యార్డు కాదు, పర్మిషన్ అని ఆవిడ నచ్చచెప్పాల్సి వచ్చింది. భర్త "ఓకే అక్కా" అన్నాడు. సాయంత్రం భార్య, "చిన్న డ్రోన్ అయితే?" అని అడిగింది.

రెండు రోజుల తర్వాత నర్సు ఒక్క ముక్క రాసింది. "ఎక్కడికి అక్కా?"

అక్క మళ్ళీ మొదటి నుంచి రాసింది. స్థలం, సమయం, గేటు. ఎలాంటి చెప్పులు వేసుకోవాలో, ఏ లెన్సు తేవాలో, ట్రైపాడ్ ఎందుకు కుదరదో. వేళ్ళు నొప్పి పుట్టేలా రాసింది. దానికి ఎవరో, ఎప్పుడూ రాని మనిషి, "తర్వాత టిఫిన్ ఎక్కడ?" అని అడిగాడు. అంతే. చచ్చినట్టు పడున్న గ్రూపు ఒక్కసారి లేచి కూర్చుంది. ఏ హోటల్లో ఎంత రద్దీ ఉంటుందో, ఎక్కడ టీ పలచనో, ఎక్కడ బిల్లు కోసం అరగంట నిలబెడతారో అందరికీ తెలుసు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ చర్చ నడిచింది. ఆవిడ రాసిన స్థలం, సమయం, గేటు పైకి, ఇంకా పైకి జరిగిపోయి ఎవరికీ అందనంత ఎత్తుకి చేరాయి.

ఆ మధ్యాహ్నం అక్క ఒక పెద్దాయన కోసం చేసిన కింది వరస కట్టుడు పళ్ళు అరగదీస్తోంది. పక్కన ఫోన్ గురగురమంటూ బల్ల మీద జరుగుతోంది. చూడకూడదనుకుంది. చూసింది. నర్సు. "అక్కా, ఏ గేటు?"

చేతిలో మిషన్ ఒకే చోట ఒక్క క్షణం ఎక్కువ తిరిగింది. దవడ పన్ను సగం పిండైపోయింది. రెండు రోజుల పని. ఆవిడ కళ్ళద్దాలు తీసి, అరిగిపోయిన ఆ పన్ను వంక చూస్తూ అలాగే కూర్చుంది. ఎవరో ముక్కూ ముఖం తెలియని పెద్దాయన, ఈ గ్రూపు పుణ్యమా అని ఇంకో రెండు రోజులు గంజి తాగాలి.

ఇంట్లోనూ పెద్ద ఓదార్పు దొరకలేదు. వాళ్ళమ్మకి ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది కాదు. వంతెన పేరెత్తగానే ఆవిడ మొహం చిట్లించుకుంది.

"ఆ దిక్కుమాలిన వంతెననా? దాని మెట్లెక్కే నా మోకాళ్ళు అరిగిపోయాయి. దానికి ఫోటో కూడానా?"

"తీసేస్తున్నారమ్మా."

"తియ్యనీ. నేను మిల్లుకెళ్ళే రోజుల్లోనే తీసుంటే సంతోషించేదాన్ని."

అక్క భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పని మీద ఎంత ఓపికో మాటల మీదా అంత ఓపిక. ఆయన పళ్ళెం ముందు కూర్చుని, "ఎందుకోయ్ ఇంత యాతన? నేనొస్తాను, ఇద్దరం వెళ్దాం" అన్నాడు.

"ఇద్దరిని పంపరటండీ. గుంపు కావాలట."

"గుంపే కావాలంటే మీ అమ్మ కూడా వస్తారు."

"నేను చస్తే ఎక్కను" అంది ముసలావిడ పక్కగదిలోంచి.

ఇలాగే రోజులు గడిచి, ముందురోజు శనివారం వచ్చింది. ఆ రోజు సాయంత్రం దాకా అక్క ఎవరినీ కదపలేదు. ఒక్క మాట మాత్రం రాసింది: "రేపు ఎవరెవరు తప్పకుండా వస్తున్నారో పేరు పెట్టండి. బొటనవేళ్ళు వద్దు." తర్వాత వంటింట్లో గిన్నెలు తోముతూ, చెయ్యి తుడుచుకుని చూస్తూ, మళ్ళీ తోముతూ ఉంది. నర్సు నుంచి ఏమీ లేదు. డ్రోన్ దంపతులు చూసినట్టు కనపడుతోంది, మాట్లాడరు. చివరికి బాబాయి రాశాడు. రేపు పొద్దున మబ్బు పడుతుందని వాతావరణం వాళ్ళు చెబుతున్నారట. వెలుగు లేకుండా వెలుగు కోసం వెళ్ళడం తెలివైన పని కాదట. వచ్చే వారానికి వాయిదా వేయాలని ఆయన ప్రతిపాదన. ఆ ప్రతిపాదనకి, ఈ మూడు వారాల్లో ఎన్నడూ లేనంత వేగంగా, బొటనవేళ్ళు పడటం మొదలైంది.

వచ్చే వారం! వచ్చే వారం అక్కడ ఇనప ముక్కలుంటాయి.

అక్క తడిచేతులతోనే రాసింది. "రేపటి కార్యక్రమం రద్దు. నాకు చేతకాదు. మీరూ, మీ చెరువూ, మీ టిఫినూ సుఖంగా ఉండండి." పంపించి, గ్రూపులోంచి బయటికొచ్చేసింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి పెట్టిన యార్డు ఆఫీసు పర్మిషన్ కాగితం కళ్ళ ముందే ఉంది. దాన్ని లాగి, నిలువుగా చించి, అడ్డంగా చించి, టీపొడి పిప్పి పారేసే బుట్టలో వేసింది. ఫోన్ నోరు మూయించి సొరుగులో పడేసింది. భర్త గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.  ఆవిడ పడుకున్నాక బుట్ట తీసి బయట పెట్టాల్సిన మనిషి, ఆ పూట ఎందుకో పెట్టలేదు.

పొద్దున్నే, కిటికీలో ఇంకా నలుపు వదలకముందు, మోగింది ఆయన ఫోన్.

"ఏమయ్యా, మా అలారం మోగడం లేదేంటి?" అని బాబాయి గొంతు మంచం దాకా వినపడింది. "అందరం గేటు దగ్గరున్నాం. వాచ్‌మన్ పర్మిషన్ చూపించమంటున్నాడు. ఫోన్ ఎత్తదే! ఒంట్లో బాగానే ఉందా?"

అక్క లేచి ఫోన్ లాక్కుంది. "బాబాయ్ గారూ, రద్దని రాశాను కదండీ!"

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం!"

"నిన్న సాయంత్రమా? నేను మబ్బు సంగతి రాశాక ఇంక చూడలేదమ్మా. తొందరగా పడుకోవాలి కదా, ఇవాళ లేవాలి కదా!"

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రమ్మని మూడు వారాలు మొత్తుకుంటే ఒక్కరు చదవలేదు. రావద్దంటే అదీ చదవలేదు. చదవకుండానే అందరూ వచ్చి కూర్చున్నారు.

"వాయిదా వేయమని మీరే కదా అన్నది?" అంది గొంతు పెంచి.

"అన్నాను. నువ్వు ఒప్పుకోవని నాకు తెలీదా? అందుకే వచ్చాను. త్వరగా రా తల్లీ, ఇక్కడ చలి."

ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి బుట్ట బోర్లించింది. భర్త లైటు వేసి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరూ టీపొడి దులుపుతూ నాలుగు ముక్కలూ వెతికి పట్టుకున్నారు. ముసలావిడ తలుపు దగ్గర నిలబడి, "తెల్లారకుండా చెత్తలో ఏం దేవులాడుతున్నారు ఇద్దరూ?" అని అడిగింది.  స్కూటర్ వెనక కూర్చుని, కెమెరా సంచి ఒడిలో, తడి కాగితం ముక్కలు గుప్పిట్లో పట్టుకుని, ఖాళీ రోడ్ల మీద ప్రతి సిగ్నల్ దగ్గరా అక్క ఆకాశం వంక చూసింది. నలుపు బూడిదరంగు అయింది. బూడిదరంగు అలాగే ఉండిపోయింది.

గేటు దగ్గర నిజంగానే నలుగురూ ఉన్నారు. బాబాయి మెడకి మఫ్లర్ చుట్టుకుని వాచ్‌మన్‌తో వాదిస్తున్నాడు. డ్రోన్ దంపతులు ఒకే దుప్పట్లో నిలబడ్డారు. నర్సు ఆసుపత్రి బట్టల మీద స్వెట్టర్ వేసుకుని గోడకి చేరగిలబడి ఉంది.

వాచ్‌మన్ నాలుగు ముక్కలూ తన కుర్చీ మీద పరిచి, టార్చి వేసి చూశాడు. "మేడమ్, సంతకం ఒక ముక్కలో ఉంది, తేదీ ఇంకో ముక్కలో ఉంది. వీటిలో ఏ ముక్కని లోపలికి పంపమంటారు?"

"నాలుగూ ఒకటే కాగితం కదయ్యా."

"ఒకటిగా ఉన్నప్పుడు కాగితం. ఇప్పుడు చెత్త. నన్ను తప్పుపట్టకండి, నా ఉద్యోగం నాది."

అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఆవిడకి ఇంకా మంటగా ఉంది. అప్పుడు బాబాయి జేబులోంచి ఫోన్ తీసి, "ఆగు, ఆఫీసరుకే చేస్తాను" అన్నాడు.

"ఆయన నంబరు మీ దగ్గరెక్కడిది?"

బాబాయి కాస్త తడబడ్డాడు. "మొన్న వెళ్ళొచ్చాన్లే ఆఫీసుకి. పర్మిషన్ సరిగ్గా రాశారో లేదో ఒకసారి చూద్దామని. ఆడపిల్లవి, ఒక్కదానివే తిరుగుతున్నావు, రేపు ఏదన్నా తేడా వస్తే నీ మీదకొస్తుందని..."

"అక్కా, మేమూ పోయిన ఆదివారం వచ్చి చూసెళ్ళాం" అంది డ్రోన్ భార్య నెమ్మదిగా. "డ్రోన్ లేకుండా ఎక్కడ నిలబడితే బాగుంటుందో తెలుసుకుందామని. రాత్రి తొందరగా పడుకున్నాం, మీరు రద్దన్నది చూడలేదు."

అక్క నర్సు వైపు తిరిగింది. ఆ అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను డ్యూటీ మార్చుకున్నానక్కా. ఇవాళ పగలు పడింది, బదులు రాత్రి చేసొచ్చాను. వార్డులో ఫోన్ ముట్టుకోవడం కుదరదు, సందు దొరికినప్పుడు చివరి మెసేజ్ ఒక్కటే చూసేదాన్ని. నిన్న అదీ కుదరలేదు."

ఇలాంటప్పుడు ఎవరికైనా మనసు కరగాలి. అక్కకి మాత్రం మూడు వారాలుగా కుక్కి పెట్టుకున్నదంతా గొంతులోకి ఎగదన్నింది.

"ఒక్క ముక్క! వస్తున్నాం అక్కా అని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది? ఆఫీసుకెళ్తారు, చోటు చూసుకుంటారు, డ్యూటీలు మార్చుకుంటారు, నాకు మాత్రం చెప్పరు! నేను గోడకి రాశానా అవన్నీ? అన్నం తింటుంటే మీరే, పని చేస్తుంటే మీరే. ఒక పెద్దాయన పన్ను అరగ్గొట్టాను మీ మూలంగా! పర్మిషన్ చించేశాను, గ్రూపు వదిలేశాను, నిద్రపోయాను. అప్పుడొచ్చారు!"

వాచ్‌మన్ కూడా బిక్కచచ్చిపోయాడు. యార్డులో ఎక్కడో పెట్టెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. బాబాయి మఫ్లర్ సర్దుకున్నాడు. నర్సు అడిగింది, ఎదురు చెప్పినట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"అక్కా, ఈ వంతెనే ఎందుకు? మీరు చెప్పులు కూడా ఏవి వేసుకోవాలో రాశారు. ఇది మాత్రం రాయలేదు."

అక్క జవాబు చెప్పబోయి ఆగింది. రాయలేదా? అన్ని మెసేజుల్లో? ఒక్కసారైనా రాసే ఉంటాననుకుంది. గుర్తుచేసుకుంటే గేటు, సమయం, లెన్సు, బ్యాటరీ తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. ఆ మాట రాస్తే బాబాయి దాని కింద కూడా చెరువు గురించి రాస్తాడేమోనని భయపడిందో, లేక ఆ గళ్ళ నీడ మీద బొటనవేలు పడటం చూడలేననుకుందో, ఆవిడకే తెలీదు.

"మా అమ్మ అటువైపు మిల్లులో చేసేది" అంది. అక్కడే, గేటు ముందే నిలబడి చెప్పింది. మిల్లు కూత, అమ్మమ్మ, అడుగుల చప్పుడు, గళ్ళ నీడ. కోపంగా మొదలుపెట్టిందే గానీ చివరికొచ్చేసరికి మాటలు నెమ్మదయ్యాయి.

బాబాయి ఎవరివైపూ చూడకుండా ఆఫీసరుకి ఫోన్ చేశాడు. నిద్రమత్తులో ఉన్న మనిషిని లేపినందుకు రెండు చీవాట్లు తిన్నాడు. మాటకి మాట అనకుండా తినడం ఆయన జీవితంలో అదే మొదలు కావచ్చు. తర్వాత ఫోన్ వాచ్‌మన్ చేతికిచ్చాడు. "ఎవరూ, ఆ పళ్ళావిడా? పంపించవయ్యా బాబూ" అన్న గొంతు అందరికీ వినపడింది.

తాళం తీశారు. మబ్బు మాత్రం తీయలేదు. వాతావరణం వాళ్ళ మాట, బాబాయి మాట, అక్షరాలా నిజమైంది. పొద్దు ఎటు లేచిందో కూడా తెలియలేదు. బాబాయి ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి అక్క వైపు చూసి, ఆ విషయం గురించి ఏమీ అనకుండా మెట్లెక్కాడు.

అక్క కింద, చిన్నప్పుడు నిలబడిన చోటే నిలబడింది. కెమెరా కంటికి ఆనించి పైకి చూసింది. ఇనుప అల్లిక అలాగే ఉంది. తుప్పు పట్టింది, అంతే తేడా. నీడ లేదు, గళ్ళు లేవు, వల లేదు. అంతటా ఒకే చప్పటి వెలుగు. మూడు వారాల పరుగు, అరిగిన పన్ను, చిరిగిన కాగితం, అన్నీ దీనికోసమా అనుకుంది. కెమెరా దించేసింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించి, మెట్లెక్కింది.

పైన డ్రోన్ భార్యకి ఎత్తు భయమని అప్పుడే బయటపడింది. మొగుడి భుజం పట్టుకుని కళ్ళు మూసుకుని నడుస్తోంది. బాబాయి ఎక్కిన దగ్గర్నుంచీ ఒకే బోల్టుని ఫోటో తీస్తున్నాడు. నర్సు మెట్ల సగంలో, కిందికి కనపడని మలుపు దగ్గర ఆగిపోయింది. ఇక నడవలేనన్నట్టు అక్కడే చతికిలబడి, బూట్లు విప్పి పక్కన పెట్టి, కాలివేళ్ళు నొక్కుకుంటూ తల ఇనుప కమ్మీకి ఆనించింది. కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో కూడా. చప్పటి వెలుగులో ఆ ముఖం మీద అలసట అంతా, ఏ నీడా అడ్డం లేకుండా, స్పష్టంగా ఉంది.

అక్క ఒక ఫోటో తీసింది. ఇంకో రెండు మెట్లెక్కి మరొకటి తీసింది. ఆ తర్వాత తీయడం మానేసి, వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. వాచ్‌మన్ ఈల వేసేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

కింద అక్క భర్త వాచ్‌మన్‌తో కలిసి టీ తాగుతున్నాడు. బాబాయి అందరికీ టీ చెప్పి, "గ్రూపులో నిన్ను మళ్ళీ చేరుస్తున్నానమ్మాయ్. వచ్చే నెలది నేను చూసుకుంటాను" అన్నాడు.

"చెరువేనా?" అన్నాడు డ్రోన్ మొగుడు.

"చెరువుకేం తక్కువ?" అంటూ మొదలుపెట్టాడు బాబాయి. అక్క కళ్ళు మూసుకుంది. కోపం పోలేదు. పూర్తిగా పోతుందని ఆవిడ అనుకోనూ లేదు. అరవాల్సింది అరిచేసింది కనక, ఇప్పుడు టీ వేడిగా గొంతు దిగుతోంది కనక, ప్రస్తుతానికి అది ఒక పక్కన కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అక్క అడగకుండానే కెమెరా ఆవిడ ముందు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. ముసలావిడ వంతెన ఫోటోలని పట్టించుకోలేదు. "తుప్పు" అంది ఒకదానికి. "ఇంత చిన్నదా?" అంది ఇంకోదానికి. నర్సు ఫోటో వచ్చేసరికి కెమెరాని తన చేతుల్లోకి తీసుకుని దగ్గరగా పెట్టుకుంది.

"ఎవరీ పిల్ల?"

"మా గ్రూపులో అమ్మాయమ్మా. నర్సు."

"రాత్రి డ్యూటీ చేసొచ్చింది కదూ?"

అక్క ఆశ్చర్యపోయింది. "నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేంటి, మొహం చూడు. కూర్చున్న తీరు చూడు." ముసలావిడ వేలితో తెర మీద ఆ మెట్టు చూపించింది. "మేమూ ఇక్కడే కూర్చునేవాళ్ళం, దిగేముందు. చెప్పులు విప్పి, వేళ్ళు నొక్కుకుని. కింద మీరు ఎదురుచూస్తుంటారని తెలుసు. అయినా కాసేపు కూర్చునేవాళ్ళం. కింద అడుగుపెట్టగానే మళ్ళీ ఇల్లు, పొయ్యి, నువ్వు. ఆ కాసేపే మాది."

అక్క ఇన్నేళ్ళూ కిందనుంచే చూసింది. పైన, మెట్ల మలుపు వెనక, వాళ్ళు కాసేపు ఆగేవారని ఆవిడకి తెలీదు. ఇంకా ఏవేవో అడగాలనిపించింది. ఈలోగా సొరుగులో ఫోన్ గురగురమనడం మొదలుపెట్టింది, ఆపకుండా. గ్రూపులో మళ్ళీ చేర్చినట్టున్నారు.

"ఎత్తవా?" అంది వాళ్ళమ్మ.

"మోగనీలే. పక్కన ఎవరు కూర్చునేవారమ్మా?"

ముసలావిడ ఫోటో వంకే చూస్తోంది. "చెబుతా ఉండు. ముందు ఇది చెప్పు, ఆ పిల్లకి ఏమన్నా పెట్టించారా తినడానికి?"

"బాబాయి టీ ఇప్పించాడు."

"రాత్రంతా నిలబడొచ్చిన మనిషికి టీ ఏం సరిపోతుందే?" అంది ముసలావిడ చిరాగ్గా. "ఫోన్ చేసి ఇంటికి రమ్మను."